పీచు మిల్లుకి పాతిక లక్షల లోను: 30 మందికి పని దొరుకుతుందా?

మీరడిగింది ఇదీ: కోనసీమలో ఒక గ్రామ సంఘం, దాని కింద 14 పొదుపు సంఘాలు. సెంటు భూమి లేని 30 మంది ఆడవాళ్ళకి ఏడాదిలో సగం రోజులు పని ఉండటం లేదు. కొబ్బరి పీచు మిల్లు పెడితే వాళ్ళందరికీ పని దొరుకుతుందని మీ ఆలోచన. 25 లక్షల దాకా సబ్సిడీ లోను ఏ పథకంలో తేలిగ్గా వస్తుందో చెప్పమన్నారు.

పథకం సంగతి కింద రాస్తాను. ముందు పని లెక్క చూద్దాం. ఎందుకంటే లోను మీకు రావచ్చు గానీ, ఆ మిల్లు మీద 30 మందికి పని రాదండి.

రోజుకి 10,000 డొక్కలు (కొబ్బరికాయ ఒలిస్తే వచ్చే పీచు తొక్కలు) ఆడే మిల్లు అనుకోండి. వెయ్యి డొక్కలకి సుమారు 80 నుంచి 100 కిలోల పీచు దిగుతుంది, పొట్టు దానికి రెట్టింపు. అంటే రోజుకి 8 నుంచి 10 క్వింటాళ్ళ పీచు. డొక్కలు తడపడానికి, మిషన్‌కి అందించడానికి, పీచు కళ్ళంలో పరిచి తిరగేయడానికి, పొట్టు తీసిపోయడానికి, బేళ్ళు కట్టడానికి మొత్తం కలిపి 10 మంది చాలు. అందులోనూ డొక్కలు మోయడం, మిషన్ దగ్గర నిలబడటం మగవాళ్ళకే ఇస్తారు. ఆడవాళ్ళకి మిగిలేది ఆరబెట్టే పని. జూన్ మధ్య నుంచి నవంబరు ఆఖరు దాకా వానలూ తుఫాన్లూ ఉంటాయి కాబట్టి ఆ పని సగానికి పడిపోతుంది. ఏడాదికి 200 పూర్తి రోజులు నడిస్తే మంచి మిల్లు కిందే లెక్క.

10 మంది, 200 రోజులు: 2,000 పనిదినాలు. మీకు కావలసింది 30 మందికి నెలకి 20 రోజుల చొప్పున 7,200 పనిదినాలు. మూడో వంతు కూడా రాలేదు. ప్రాజెక్టు రిపోర్టు రాసేవాళ్ళు "ఉపాధి: 30 మంది" అని ఒక గడిలో నింపేస్తారు, దాన్ని ఎవరూ తిరిగి లెక్కపెట్టరు. మీరు మాత్రం మనుషుల్ని కాకుండా పనిదినాల్ని లెక్కపెట్టండి.

ఇక సరుకు. 200 రోజులకి 20 లక్షల డొక్కలు కావాలి. ఎకరానికి 60 చెట్లు, చెట్టుకి ఏడాదికి 90 కాయలు వేసుకున్నా ఎకరానికి 5,400. అంటే సుమారు 370 ఎకరాల తోటల డొక్క అంతా మీ ఒక్క మిల్లుకే రావాలి. మీ చుట్టుపక్కల ఇప్పటికే ఎన్ని మిల్లులున్నాయో, దింపు అయ్యాక ఒలుపు ఎక్కడ జరుగుతోందో, డొక్క ఎవరి ట్రాక్టర్ ఎక్కుతోందో ఒక దింపు కాలమంతా, అంటే ఓ రెండు నెలలు, నోటు పుస్తకంలో రాయండి. కాయ డొక్కతో సహా లారీ ఎక్కి బయటికి పోయే ఊళ్ళలో మిల్లు పెట్టి లాభం లేదు. కొబ్బరి ధర బాగా పెరిగినప్పుడు రైతు కాయ ఆపుతాడు, డొక్క కూడా ఆగుతుంది. మన దేశపు పీచు ఎక్కువగా కొనేది చైనా. అక్కడ కొనుగోలు మందగిస్తే అంబాజీపేట చుట్టుపక్కల షెడ్లలో బేళ్ళు పేరుకుపోతాయి. కొత్త మిల్లు మొదటి ఏడాదే ఆ దెబ్బ తింటే తట్టుకోలేదు.

మరి ఆడవాళ్ళకి పని ఎక్కడుందంటే, పీచు తీశాక ఉంది. తాడు పేనడం, తాడుతో చాపలు, వలలు అల్లడం. పాత రాట్నానికి ఒకరు తిప్పుతుంటే ఇంకొకరిద్దరు వెనక్కి నడుస్తూ పేనాలి. మోటారు రాట్నం మీద ఒక్కరే పేనుకోవచ్చు, ఇంటి పంచలో పెట్టుకోవచ్చు, వానకి ఆగదు. ఒక్కో పని మీద పెట్టుబడి మిల్లులో పెట్టేదానికంటే చాలా తక్కువ. పూర్తి ఆటోమేటిక్ పేనే మిషన్ తెమ్మని అమ్మకందారు ఒత్తిడి చేస్తాడు. అది తక్కువ మందితో ఎక్కువ తాడు తీస్తుంది. లాభం చూసుకునే వ్యాపారికి అది మంచిదే, మీ ఉద్దేశానికి మాత్రం అడ్డం.

అందుకని నా సలహా: మిల్లు కట్టకముందే పేనడంతో మొదలుపెట్టండి. సంఘం సొంత నిధిలోంచి 50,000 రూపాయలకి మించకుండా తీసి, దగ్గర్లో నడుస్తున్న మిల్లు నుంచి ఎండు పీచు కొనండి. రెండు మూడు రాట్నాలు అద్దెకి తెచ్చి 8 మందితో 30 రోజులు పేనించండి. కొబ్బరి పీచు బోర్డు (కాయర్ బోర్డు) ప్రాంతీయ కార్యాలయంలో శిక్షణ గురించి ముందే అడగండి. రోజూ సాయంత్రం మూడు తూకాలు రాయాలి: ఇచ్చిన పీచు, వచ్చిన తాడు, పోయిన తుక్కు. నెలాఖరుకి ఆ తాడు అమ్మి, ఒక మనిషికి రోజుకి ఎంత గిట్టిందో చూడండి. అది ఊళ్ళో ఆడకూలి కంటే బాగా తక్కువైతే మొదటి నెల వస్తారు, రెండో నెల మానేస్తారు. ఏ పథకమూ దాన్ని ఆపలేదు.

కూలి పోటీని మిల్లు పెట్టేవాళ్ళు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సార్వా నాట్లప్పుడూ, దాళ్వా నాట్లప్పుడూ, కోతలప్పుడూ ముఠాలకి మంచి కూలి వస్తుంది. రొయ్యల షెడ్ల వ్యాను తెల్లవారుజామున వచ్చి ఆడవాళ్ళని ఎక్కించుకుపోతుంది. ఆ వారాల్లో మీ షెడ్డు ఖాళీ. రోజుకూలి పద్ధతి పెడితే మీరు నష్టపోతారు. కిలోకి ఇంత అని పెడితే పొలం పనికి వెళ్ళొచ్చినవాళ్ళు సాయంత్రం రెండు గంటలు పేనుకుంటారు, మీకూ భారం ఉండదు. అందుకే రాట్నాలు ఒకే షెడ్డులో కాకుండా పేటల వారీగా పెట్టండి.

ఇప్పుడు డబ్బు సంగతి. మీరు విన్న సబ్సిడీ లోను పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) అయి ఉంటుంది, 2008 నుంచి ఉంది. 2022 మార్గదర్శకాల ప్రకారం తయారీ యూనిట్‌కి 50 లక్షల దాకా, సేవల యూనిట్‌కి 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. పల్లెల్లో జనరల్ మగవాళ్ళకి 25 శాతం సబ్సిడీ, సొంత వాటా 10 శాతం. ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకి 35 శాతం, సొంత వాటా 5 శాతం. తయారీలో 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసైన కాగితం ఉండాలి. కుటుంబానికి ఒక్కరే. స్థలం ఖరీదు ప్రాజెక్టులో కలపకూడదు. పాత యూనిట్‌కి, వేరే ప్రభుత్వ సబ్సిడీ తీసుకున్న యూనిట్‌కి రాదు. పీచు యూనిట్లకి దరఖాస్తులో ఏజెన్సీగా కొబ్బరి పీచు బోర్డునే ఎంచుకోవచ్చు. ఫైలు పెట్టే రోజుకి ఈ శాతాలు అలాగే ఉన్నాయో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఒకసారి అడగండి, ఇవి మారుతుంటాయి.

ఉదాహరణకి 24 లక్షల ప్రాజెక్టు: షెడ్డు, కళ్ళం 5 లక్షలు, మిషన్లు, మోటార్లు, కరెంటు 10 లక్షలు, నిర్వహణ పెట్టుబడి 9 లక్షలు. దరఖాస్తుదారు మహిళ అయితే సొంత వాటా 1.2 లక్షలు, బ్యాంకు ఇచ్చేది 22.8 లక్షలు, సబ్సిడీ 8.4 లక్షలు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే: ఆ 8.4 లక్షలు మీ చేతికి రావు. బ్యాంకులో టీడీఆర్ (టర్మ్ డిపాజిట్ రసీదు) పేరుతో 3 ఏళ్ళు ఉంటాయి. దానికి వడ్డీ ఇవ్వరు, లోనులో అంత భాగానికి వడ్డీ వేయకూడదు. 3 ఏళ్ళు యూనిట్ నడిచి, తనిఖీ అయ్యాక లోనులో జమ చేస్తారు. అంటే మీకు వడ్డీ పడాల్సింది 14.4 లక్షల మీదే. మొదటి నెల స్టేట్‌మెంట్ తీసుకుని, టీడీఆర్ భాగం వదిలేసి వడ్డీ వేశారో లేదో, వాయిదా దేని మీద కట్టారో చూసుకోండి. మొత్తం 22.8 లక్షల మీదా వడ్డీ వేసేసిన సందర్భాలు తక్కువేం కాదు. రాతపూర్వకంగా అడిగితే సరిచేస్తారు.

వాయిదా గురించి. 11 శాతం వడ్డీకి లక్ష రూపాయలు 5 ఏళ్ళలో తీర్చాలంటే నెలకి 2,174, 7 ఏళ్ళయితే 1,712. టర్మ్ లోను (షెడ్డుకి, మిషన్లకి ఇచ్చే వాయిదాల లోను) 10 లక్షలు తేలిందనుకుంటే నెలకి 21,740కీ 17,120కీ మధ్య 4,620 తేడా. వానాకాలంలో ఈ తేడా మీదే యూనిట్ బతుకుతుంది. "తొందరగా తీరిపోతుంది" అని 5 ఏళ్ళు రాయించుకోవద్దు. 7 ఏళ్ళు అడగండి. మంచి నెలల్లో ఎక్కువ కట్టుకోవచ్చు, ముందుగా కట్టినందుకు జరిమానా ఉండదని మంజూరు ఉత్తరంలో ఉందో లేదో చూసుకోండి.

మిల్లులు మూతపడేది ఎక్కువగా నిర్వహణ పెట్టుబడి దగ్గరే. డొక్క రొక్కానికి కొనాలి, కూలి శనివారం ఇవ్వాలి, కరెంటు బిల్లు ఆగదు. పీచు ఆరి, బేలై, లారీ నిండి, డబ్బు వచ్చేసరికి 45 రోజులు. రోజు ఖర్చు 15,000 అనుకుంటే 45 రోజులకి 6.75 లక్షలు ఎప్పుడూ బయటే తిరుగుతుంటాయి. రిపోర్టుల్లో ఇది 3 లక్షలు అని రాసి, మిగతాది మిషన్ల మీద వేస్తారు, ఎందుకంటే రిపోర్టు రాసేవాడికి కమీషన్ ఇచ్చేది మిషన్ అమ్మేవాడు. 3 లక్షలు 20 రోజుల్లో అయిపోతాయి. మిల్లు కొత్తగా మెరుస్తూ నిలబడి ఉంటుంది, డొక్క కొనడానికి డబ్బుండదు. అప్పుడు నూటికి 3 రూపాయల వడ్డీకి బయట తెస్తారు. అది ఏడాదికి 36 శాతం, పీచులో అంత మిగులు ఉండదు. కొనుగోలుదారే అడ్వాన్సు ఇస్తానంటాడు. తీసుకుంటే ధర ఇక అతను చెప్పిందే.

ఇంకో నిబంధన: నిర్వహణ పెట్టుబడికి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ లిమిట్‌ని ఆ 3 ఏళ్ళలో ఒక్కసారైనా పూర్తిగా వాడాలి, సగటున 75 శాతానికి తగ్గకూడదు. వాడకపోతే సబ్సిడీలో ఆ మేరకు కోత పడుతుంది. అవసరం లేకపోయినా లిమిట్ పెద్దగా రాయించుకోవద్దు, అవసరమైనదాన్ని భయపడి వాడకుండా ఉండొద్దు.

కొటేషన్ పెంచి రాయించడం మామూలైపోయింది కాబట్టి విడిగా చెప్తున్నాను. 8 లక్షల మిషన్‌కి 11 లక్షల బిల్లు ఇస్తాం, 3 లక్షలు రొక్కంగా వెనక్కిస్తాం, మీ సొంత వాటా అందులోంచే కట్టేయండి అంటారు. ఆ 3 లక్షల మీద సబ్సిడీ 1.05 లక్షలు, సొంత వాటా 15,000 పోను మిగతా 1.8 లక్షలు మీరు వడ్డీతో కట్టాల్సిన అప్పే. చేతిలో ఉన్న మిషన్ విలువ 8 లక్షలు. తనిఖీలో బిల్లుకీ మిషన్‌కీ పొంతన కుదరకపోతే సబ్సిడీ ఆగుతుంది, కేసు పడితే పేరు దరఖాస్తు పెట్టిన ఆవిడదే, సలహా ఇచ్చినవాడిది కాదు.

ఆ "దరఖాస్తు పెట్టిన ఆవిడ" అన్న మాటలోనే మరో చిక్కుంది. పీఎంఈజీపీ లోను ఒకరి పేరు మీద వస్తుంది, పని 30 మందిది. లాభం వచ్చిన ఏడాది లోను తన పేరున ఉన్న ఆవిడ "యూనిట్ నాది" అంటుంది, నష్టం వచ్చిన ఏడాది "అందరం కట్టాలి" అంటుంది. మనిషి మంచిదైనా అంతే, ఇంట్లోవాళ్ళు ఊరుకోరు. కాబట్టి రెండూ విడదీయండి. పీచు మిల్లు కావాలనుకునే సభ్యురాలు తన పేరున, తన పూచీ మీద పెట్టుకోవచ్చు, 10 మందికి పని ఇస్తుంది. తాడు పేనే పని సంఘాలది. ఆ రెంటికీ మధ్య కాగితం రాసుకోండి: నెలకి ఇన్ని క్వింటాళ్ళ పీచు, తేమ ఇంతకి మించకూడదు, మార్కెట్ ధరలో ఇంత తగ్గింపు, డబ్బు ఇన్ని రోజుల్లో. ఉమ్మడి వ్యాపారమే చేయాలంటే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సొసైటీ నమోదు చేసుకోవచ్చు. మీ మండల సమాఖ్యకి ఆ దారి తెలుసు.

సంఘాల వాటాకి బ్యాంకు లింకేజీ, అంటే పొదుపు సంఘానికి బ్యాంకు ఇచ్చే లోను, సరిపోతుంది. జాతీయ గ్రామీణ జీవనోపాధుల పథకం కింద 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ. 3 నుంచి 5 లక్షల దాకా బ్యాంకు ఏడాది ఎంసీఎల్ఆర్ (బ్యాంకు ప్రకటించే కనీస వడ్డీ రేటు), 10 శాతం, ఈ రెంట్లో ఏది తక్కువైతే అది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 10 లక్షల దాకా తాకట్టు అడగకూడదు, సంఘం పొదుపు ఖాతాని పట్టి ఉంచకూడదు. ఒక్కో సభ్యురాలికి రాట్నం, మోటారు లాంటి చిన్న అవసరాలకి స్త్రీనిధి, సామాజిక పెట్టుబడి నిధి ఉన్నాయి.

అయితే లింకేజీ లోను వచ్చిన రోజే పదిమందీ సమానంగా పంచేసుకోవడం మనకి అలవాటు. ఆస్పత్రి, పెళ్ళి, ఇంటి స్లాబు, పిల్లల ఫీజు. అవి తప్పుడు ఖర్చులని అనను, బయట వడ్డీ కంటే నయమే. కాకపోతే దాన్ని ఉపాధి లోను అని పిలవకూడదు. పేనే పనికి తీసుకునేది వేరే తీర్మానంతో, వేరే ఖాతాలో ఉండాలి. పని చేయనివాళ్ళ పేర్లు అందులో కలపొద్దు. లీడరు నలుగురి పేర్లతో తానే వాడుకునే బినామీలు మొదలయ్యేది ఆ ఖాళీ పేర్ల దగ్గరే. సంఘాల పుస్తకాలు రాసే యానిమేటర్ నెలకోసారి ప్రతి సభ్యురాలి బాకీ సమావేశంలో పైకి చదివితే సగం బినామీలు అక్కడే బయటపడతాయి.

పీచు కాకుండా ఇంకేమైనా ఉందా అని చివర్లో అడిగారు. నరసాపురం వైపు లేసు అల్లికకి యంత్రమే అక్కర్లేదు, దారానికీ సరుకు నిల్వకీ డబ్బు కావాలి. మనుషులకి పని ఎక్కువ, గంటకి గిట్టేది తక్కువ, ఏజెంటు దాటి ఆర్డరు తెచ్చుకోగలిగితేనే దిగండి. ఆత్రేయపురం పూతరేకుల లాంటి తినుబండారాలకి చిన్న ఆహార యూనిట్ల పథకం పీఎంఎఫ్ఎంఈలో 35 శాతం, 10 లక్షలకి మించకుండా సబ్సిడీ, సంఘం సభ్యురాలికి 40,000 దాకా మూలధనం అని పెట్టారు. ఆ పథకం గడువు మాత్రం చూసుకోండి. రేకు తీసేవాళ్ళు, చుట్టేవాళ్ళు వేరువేరు. బోర్లించిన కుండ మీద జయ బియ్యం పిండిలో ముంచిన గుడ్డ లాగి రేకు తీయడం నెలలో వచ్చే విద్య కాదు, మీ ఊళ్ళో ఆ చేయి లేకపోతే వదిలేయండి.

మిల్లు కూడా పెట్టే ఆలోచన ఉంటే, వేళ ముఖ్యం. జూన్, జులైలో దరఖాస్తు పెడితే అక్టోబరుకి మంజూరు తేలేలా తిరగొచ్చు. నవంబరు వానలు తగ్గాక పునాది, జనవరికి షెడ్డు. త్రీఫేజ్ కరెంటుకి ఈపీడీసీఎల్‌లో దరఖాస్తు షెడ్డు లేచాక కాదు, మంజూరు ఉత్తరం రాగానే పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ కొత్తది వేయాలంటే అంచనా, డిపాజిట్, లైను, అన్నీ కలిసి నెలలు పడుతుంది. ఈలోపు మారటోరియం (వాయిదాలు మొదలయ్యేలోపు ఇచ్చే గడువు) కరిగిపోతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగు నెలల మంచి ఎండ దొరికితే, జూన్లో మొదటి వాయిదా పడేనాటికి మూడు వాయిదాల డబ్బు విడిగా ఆర్‌డీలో వేసి ఉంచొచ్చు. దాన్ని డొక్కలకి ముట్టుకోకూడదు. మూడు నెలలు, అంటే 90 రోజులు, బాకీ పడితే ఖాతా మొండి బాకీ, అంటే ఎన్‌పీఏ అవుతుంది. తర్వాత క్యాష్ క్రెడిట్ కూడా బిగుస్తుంది.

స్థలం విషయంలో లంకల్లో చవగ్గా దొరుకుతుందని వెళ్ళకండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మీ స్థలంలోకి ఏ హెచ్చరికకి నీళ్ళొస్తాయో ఆ ఊళ్ళో పశువులు కాసేవాళ్ళు చెప్తారు, 1986 ఆగస్టు వరద గుర్తున్న పెద్దవాళ్ళనీ అడగండి. రెండో హెచ్చరికకే నీళ్ళొచ్చే చోట మోటార్లు బిగించొద్దు. లీజు 11 నెలల కాగితంతో సరిపెట్టొద్దు, లోను గడువు కంటే ఎక్కువ కాలానికి రిజిస్టర్ చేయించాలి. పక్కన వరిచేలుంటే పొట్టు ధూళి గింజ పాలుపోసుకునే వేళ చేల మీద పడి గొడవలవుతాయి, ఊరబెట్టిన ఎర్రనీళ్ళు పంట బోదెలోకి వదిలితే పంచాయతీయే తాళం వేయిస్తుంది. పొట్టుని బ్లాకులుగా అమ్మాలనుకుంటే మంచినీళ్ళతో కడిగి ఉప్పు దించాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం దగ్గరి డొక్కలో ఆ ఉప్పు ఎక్కువ.

భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో అగ్నితో పాటు వరద, తుఫాను కూడా వస్తాయి. బ్యాంకు వాళ్ళు మిషన్‌కీ షెడ్డుకీ మాత్రం చేయించి వదిలేస్తారు. కళ్ళంలో ఆరే పీచు, ఆరుబయట పేర్చిన బేళ్ళు కూడా సరుకు కింద విలువతో రాయించండి, లేకపోతే నష్టం వచ్చిన రోజు "షెడ్డు లోపలిదే మాది" అంటారు. నిప్పురవ్వ పడితే పీచు నిమిషాల్లో అంటుకుంటుంది.

ఒక చిన్న పని: టీడీఆర్ నంబరు, తేదీ, 3 ఏళ్ళు నిండే తేదీ లోను పాసు పుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకోండి. ఆ 3 ఏళ్ళలో బ్రాంచి మేనేజరు ఇద్దరు మారతారు, మూడో ఆయనకి మీ సబ్సిడీ ఎక్కడుందో మీరే చూపించాల్సి వస్తుంది.